ఆమ్నిబస్సా, ఎపిక్కా, కొత్త ఇష్యూలా? కామిక్స్ కొనేముందు ఎవరి మాట వినాలి

ప్రశ్న ఇది: "హైదరాబాద్‌లో ఉద్యోగం, వయసు 27. సినిమాలు చూశాక స్పైడర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కామిక్స్ చదవాలనిపించింది. 15,000 దాకా పెట్టగలను. ఒకరు ఆమ్నిబస్ కొనమంటారు, ఇంకొకరు దండగ అంటారు. రంగులు మార్చేశారని ఒకరి గొడవ. కొత్త సిరీస్ అద్భుతమని సగం మంది, చెత్త అని సగం మంది. ఎవరి మాట నమ్మాలి?"

ఆమ్నిబస్ అంటే పదుల సంచికలను ఒకే గట్టి అట్ట కింద కలిపి వేసిన లావు పుస్తకం, ఎపిక్ అంటే అలాగే కలిపి వేసిన పేపర్‌బ్యాక్. ముప్పై ఏళ్ల నుంచి ఈ పిచ్చి ఉన్నవాణ్ణి. మధ్యలో తొమ్మిదేళ్లు న్యూజెర్సీలో ఉన్నప్పుడు అది బాగా ముదిరింది. డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది ముందే చెప్పేస్తాను. కాగితం, బైండింగ్, ఏ ఇష్యూలు (విడి సంచికలు) చేర్చారు, ఏవి వదిలేశారు: వీటి గురించి అభిమానులు చెప్పేది కళ్లు మూసుకుని నమ్మొచ్చు. కొత్త కథ గురించి మొదటి వారంలో చెప్పేది పక్కన పెట్టండి, మెచ్చుకున్నా తిట్టినా సరే. "స్టాక్ అయిపోతోంది, ఇప్పుడే కొనెయ్" అనేవాడి మాట మాత్రం చెవిన పెట్టకండి.

అసలు విడి సంచికలను పుస్తకంగా కలిపి వేసే ఈ కలెక్టెడ్ ఎడిషన్ అనేది మన ఇళ్లకు కొత్తేం కాదు. కాకినాడలో మా పెద్దమ్మ వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలను పిన్ను ఊడదీసి, వరసగా పేర్చి, ఏడాదికోసారి బైండు చేయించేది. పైన కాలికో గుడ్డ అట్ట, లోపల కుడిపక్క సీరియలు, తిప్పితే వంకాయ కూర చేసే విధానమో సబ్బు ప్రకటనో. బైండరు అంచులు కోసేటప్పుడు ఒక్కోసారి లైను చివరి అక్షరం ఎగిరిపోయేది. మధ్యలో ఒక వారం సంచిక ఎవరో పట్టుకెళ్లి ఇవ్వకపోతే ఆ చోట తెల్లకాగితం పెట్టించి "ఈ భాగం సరోజ దగ్గర ఉంది" అని పెన్సిల్‌తో రాసుకునేది. ఈనాడు వంద డాలర్లు పోసి ఆమ్నిబస్ కొన్నవాడు కూడా ఇవే చూసుకుంటాడు. అన్నీ ఉన్నాయా, మధ్య మడతలోకి బొమ్మ పోయిందా, పుస్తకం సరిగ్గా తెరుచుకుంటుందా అని.

స్పైడర్‌మ్యాన్ ఉదాహరణతో చెబితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. 1962లో అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికలో, 12 సెంట్ల ధరకి, స్టాన్ లీ రాతతో, స్టీవ్ డిట్కో గీతతో 11 పేజీల కథగా అతను పుట్టాడు. ఆ 11 పేజీలనే మార్వెల్ కంపెనీ ఎన్ని రూపాల్లో అమ్మిందో చూడండి. 1987లో మార్వెల్ మాస్టర్‌వర్క్స్ పేరుతో గట్టి అట్ట పుస్తకాలు మొదలయ్యాయి. 1996 నుంచి ఎసెన్షియల్స్ వచ్చాయి. అయిదొందల పేజీల పైమాట, నాసిరకం కాగితం, రంగుల్లేవు, అంతా నలుపు తెలుపు. 2005లో ఆమ్నిబస్ వరస, 2013లో ఎపిక్ కలెక్షన్, 2021లో మైటీ మార్వెల్ మాస్టర్‌వర్క్స్ అని చేతిలో ఇమిడే చిన్న పేపర్‌బ్యాక్‌లు. ఇవి కాక, పాత ఇష్యూని ప్రకటనలతో సహా యథాతథంగా అచ్చువేసే ఫాక్సిమిలీ ఎడిషన్లు వేరే ఉన్నాయి.

కథ ఒకటే అయినా ఒక్కోదాంట్లో చదివిన అనుభవం ఒక్కోలా ఉంటుంది. ఎసెన్షియల్ స్పైడర్‌మ్యాన్ నాకు ఆబిడ్స్‌లో ఒక ఆదివారం ఫుట్‌పాత్ మీద, పాత జీఆర్ఈ గైడ్ల కింద దొరికింది. రంగు లేకపోయేసరికి అప్పటిదాకా నేను సరిగ్గా చూడనిది కనబడింది. డిట్కో గీసే వేళ్లు! గోడ పట్టుకున్నా, భయపడినా, కప్పు పట్టుకున్నా ఆ వేళ్లు విడివిడిగా విచ్చుకుని ఉంటాయి. మనిషి ముఖానికి ముసుగు కాబట్టి భావమంతా చేతుల్లో పెట్టాడు. రంగుల పుస్తకంలో కన్ను ఎరుపు, నీలం వెనకే పోతుంది కదా. ఆ చవక పుస్తకాన్ని ఇప్పటికీ ఎవరికీ ఇవ్వను.

ఎపిక్ కలెక్షన్ గురించి ఒక్క హెచ్చరిక. దాని మీద వేసే వాల్యూమ్ నంబరు కథాక్రమానిది, ప్రచురణ క్రమానిది కాదు. వాల్యూమ్ 2 తర్వాత మీకు 3 దొరక్కపోవచ్చు, 17 దొరుకుతుంది. మధ్య ఖాళీలు ఏళ్ల తరబడి నింపుతూ పోతారు. కొత్తగా వచ్చినవాళ్లలో సగం మంది టెన్షన్ పడేది ఇక్కడే. వరుస పూర్తి చేయాలన్న పట్టుదల వదిలేస్తే ఎపిక్ అంత మంచి బేరం ఇంకోటి లేదు. మొదటి వాల్యూమ్, గ్రేట్ పవర్, ఆ 11 పేజీల కథతో మొదలై అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 17వ ఇష్యూ దాకా ఇస్తుంది.

ఇక ఆమ్నిబస్. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ మొదటి ఆమ్నిబస్‌లో డిట్కో గీసినదంతా, అంటే 38 ఇష్యూలూ, రెండు వార్షిక సంచికలూ ఉంటాయి. వెయ్యి పేజీలు దాటింది. మా ఇంట్లో మొదటిసారి దాన్ని పార్శిల్‌లోంచి తీసినప్పుడు మా ఆవిడ చేత్తో ఎత్తి చూసి "ఇది పుస్తకమా, సన్నికల్లా?" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. పడుకుని చదవలేం, బస్సులో చదవలేం, ఒళ్లో పెట్టుకుంటే అరగంటకి తొడలు మొద్దుబారతాయి. చివరికి మా నాయనమ్మ భాగవతం చదువుకున్న వ్యాసపీఠం అటక మీంచి దింపాను. వేరే ఏ బుక్‌స్టాండూ దానికి సాటిరాదు. పోతన పద్యాలు పెట్టిన చోట గోడలు పాకేవాణ్ణి పెట్టావని మా అమ్మ నాలుగు రోజులు మూతి ముడుచుకుంది, తర్వాత అలవాటు పడింది.

ఆమ్నిబస్‌లో నాకు నిజంగా నచ్చేది కథలకన్నా వెనక చేర్చే పాఠకుల ఉత్తరాలు. మీరడిగిన అభిమానుల అభిప్రాయాలు అరవై ఏళ్ల కిందట ఎలా ఉండేవో అక్కడ చూడొచ్చు. ఫలానా పేజీలో గ్లవ్ రంగు తప్పు పడిందని, విలన్ మరీ తేలిగ్గా ఓడిపోయాడని, పాత ఆర్టిస్టే బాగున్నాడని రాసేవారు. ఇప్పటి గొడవలే అవి! అప్పట్లో ఉత్తరం కింద పూర్తి చిరునామా కూడా అచ్చు వేసేవారు. దాంతో పాఠకులు ఒకరికొకరు నేరుగా రాసుకోవడం మొదలుపెట్టారు, అభిమాన సంఘాలూ చిన్న పత్రికలూ అలా పుట్టాయి. 1961లో జెర్రీ బెయిల్స్ మొదలుపెట్టిన ఆల్టర్ ఈగో అలాంటిదే. అందులో చేయి కలిపిన రాయ్ థామస్ అనే కుర్ర టీచరు తర్వాత మార్వెల్‌కే ఎడిటర్ ఇన్ చీఫ్ అయ్యాడు. 1963లో ఫెంటాస్టిక్ ఫోర్ 20వ ఇష్యూలో ఉత్తరం అచ్చయిన కుర్రాడు జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్, తర్వాత గేమ్ ఆఫ్ థ్రోన్స్ రాసినాయన. కథలో తప్పు పట్టి, దానికి సమర్థన కూడా వాళ్లే చెప్పినవాళ్లకి మార్వెల్ నో-ప్రైజ్ అని పంపేది. కవరు మీద అభినందనలు, లోపల ఏమీ ఉండదు! చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీకి కార్డు రాసి, పేరు అచ్చవుతుందేమోనని నెలంతా ఎదురుచూసినవాళ్లకి ఆ ఖాళీ కవరు విలువ తెలుస్తుంది.

బైండింగ్ దగ్గరికి వద్దాం. పుస్తకాన్ని నిలబెట్టి, వెన్ను పైభాగం వైపు నుంచి చూడండి. పదహారేసి, ముప్పై రెండేసి పేజీల ఫారాలు విడివిడిగా మడతలు పడి కనబడితే అది దారంతో కుట్టింది. కాగితాలన్నీ ఒకే దిమ్మలా బంకకి అతుక్కుని ఉంటే మన ప్రెస్సుల్లో పర్‌ఫెక్ట్ బైండింగ్ అంటారే, అది. మార్వెల్ ఆమ్నిబస్సులు కుట్టినవి, ఎపిక్‌లు బంకవి. బంక వెంటనే ఊడిపోతుందని భయపడక్కర్లేదు. కానీ పుస్తకం బల్లపరుపుగా తెరుచుకోదు. రెండు పేజీలు కలిపి గీసిన పెద్ద బొమ్మ ఉంటే మధ్యలో ఉన్న మనిషి ముక్కు మడతలోకి పోతుంది. అభిమానులు పేజీ ఫోటో తీసి పెట్టి మరీ ఫిర్యాదు చేసేది ఇదే. ఆ ఫోటోలు వెతికి చూడండి, పది రివ్యూలకన్నా అవి నయం.

కొత్త ఆమ్నిబస్ వచ్చిన వెంటనే మధ్యకి తెరవకండి. బల్ల మీద వెన్ను ఆనించి నిలబెట్టి, ముందు అట్ట వాల్చి, తర్వాత వెనక అట్ట వాల్చి, ముందు నుంచి ఓ ఇరవై పేజీలు, వెనక నుంచి ఓ ఇరవై పేజీలు మెల్లగా నొక్కుకుంటూ మధ్యకి రండి. పది నిమిషాల పని, వెన్ను విరగదు.

నాకు ఒకసారి వచ్చిన పుస్తకంలో ఒక ఫారం రెండుసార్లు పడి, దాని తర్వాతి ఫారం అసలు లేదు. చదువుతూ చదువుతూ గొడవ తారాస్థాయిలో ఉండగా మళ్లీ పాత పేజీలొచ్చాయి. కొని అప్పటికి రెండు నెలలు, అమ్మినవాడి రిటర్న్ గడువు ఎప్పుడో దాటిపోయింది. మా పెద్దమ్మ తెల్లకాగితం గుర్తొచ్చింది. అందుకని ఇప్పుడు ఎంత ఆత్రంగా ఉన్నా, పార్శిల్ విప్పేటప్పుడు ఫోన్లో వీడియో తీస్తాను, మొదటి రోజే పేజీ నంబర్లన్నీ తిరగేస్తాను.

రంగుల గొడవ మీరు అడిగారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను, ఇది నిజంగానే పట్టించుకోవలసిన విషయం. పాత కామిక్స్‌లో నీలం, ఎరుపు, పసుపు ఒక్కోదాన్ని నాలుగు మోతాదుల్లో వాడేవారు, అసలు లేకుండా, పావు, సగం, పూర్తిగా. అన్నీ కలిపితే వచ్చేవి 64 రంగులు. వాటిని న్యూస్‌ప్రింట్ మీద వేసేవారు. ఆ కాగితం సిరాను పీల్చుకుని రంగును మందగింపజేస్తుంది. కలరిస్టు ఆ మందగింపును లెక్కలో పెట్టుకునే రంగు ఎంచేవాడు. ఇప్పుడు అదే లెక్కని తెల్లటి ఆర్ట్ పేపర్ మీద అచ్చొత్తితే కళ్లు జిగేల్‌మంటాయి. మట్టిగోడ మీద కళగా ఉన్న పసుపు కొత్త సున్నం గోడ మీద కొట్టొచ్చినట్టు ఉంటుంది చూడండి, అలాగన్నమాట. పైగా చాలావాటికి అసలు నెగటివ్‌లే మిగల్లేదు. గ్రెగ్ థీక్‌స్టన్ అనే ఆయన పాత అచ్చు కామిక్ పేజీల రంగును రసాయనాలతో కడిగేసి, నల్లగీతలు మాత్రం మిగుల్చుకుని, వాటి మీద కొత్తగా రంగులు వేయించేవాడు. అంటే రీప్రింట్ కోసం అసలు కాపీ ఒకటి బలైపోవాల్సిందే.

ఇక బ్యాట్‌మ్యాన్‌లో రెండు కేసులు చూడండి. ద కిల్లింగ్ జోక్ 1988లో వచ్చినప్పుడు అలన్ మూర్ కథకి బ్రయన్ బోలండ్ బొమ్మలు గీస్తే, రంగులు జాన్ హిగిన్స్ వేశాడు. ఊదా, నారింజ, రోత పుట్టించే ఆకుపచ్చ, జాతరలో రంగుల బల్బుల కింద నిలబడినట్టుంటుంది. 2008 డీలక్స్ ఎడిషన్‌కి బోలండే కూర్చుని మొత్తం తిరిగి రంగులు వేశాడు. చలి రాత్రి రంగులు, గతం చెప్పే పేజీలు దాదాపు బూడిద రంగులో, మధ్యమధ్య ఎర్రటి వస్తువులు మాత్రం మెరుస్తూ ఉంటాయి. ఇప్పుడు మామూలుగా షాపుల్లో దొరికేది ఈ రెండోదే. బొమ్మ గీసినవాడే రంగు వేశాడు కాబట్టి ఇదే అసలైందని ఒక వర్గం వాదన. నాకు హిగిన్స్‌దే ఇష్టం. అది పిచ్చివాడు నడిపే జాతర కథ, అందులో అంత సంయమనం నాకు అతకలేదు. రెండోది చదివినవాళ్లకి కథ మరింత విషాదంగా అనిపిస్తుందని మాత్రం ఒప్పుకుంటాను.

రెండో కేసు బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్, 1987లో బ్యాట్‌మ్యాన్ 404 నుంచి 407 దాకా నాలుగు ఇష్యూలు. ఫ్రాంక్ మిల్లర్ కథ, డేవిడ్ మజుకెల్లీ బొమ్మలు, రిచ్‌మండ్ లూయిస్ రంగులు. పుస్తకంగా వేసేటప్పుడు మెరుగైన కాగితానికి తగ్గట్టు లూయిస్ గారే మళ్లీ రంగులు వేశారు, అది అందరికీ నచ్చింది. 2012లో డీలక్స్ ఎడిషన్ వచ్చినప్పుడు మాత్రం నిగనిగలాడే కాగితం మీద రంగులు చెడిపోయాయని మజుకెల్లీ బాహాటంగానే మండిపడ్డాడు, కొనొద్దనే చెప్పాడు. కాబట్టి "రీకలరింగ్" అనే మాట వినగానే తిట్టేవాళ్ల వెంట పడకండి. ఎవరు చేశారు, ఏ కాగితం మీద చేశారు అని అడగండి. సెకండ్ హ్యాండ్‌లో ఇయర్ వన్ కొంటే ఏ సంవత్సరం ముద్రణో చూసుకోండి.

"అవుట్ ఆఫ్ ప్రింట్" భయం గురించి. 2019లో ఒక ఆమ్నిబస్‌ని, ఇక దొరకదన్న మాట నమ్మి, అట్ట మీద ధరకి రెండున్నర రెట్లు పెట్టి కొన్నాను. ఆరు నెలలు తిరక్కుండా రీప్రింట్ ప్రకటించారు. అమ్మినవాడు అప్పటికే తన కాపీలన్నీ వదిలించుకున్నాడు, తెలివైనవాడు. అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే. బాగా అమ్ముడయ్యే పేరున్న పాత్ర అయితే ఆగుతాను, మళ్లీ వేస్తారు. వాచ్‌మెన్ సంగతి చూడండి. 1986, 87లో 12 ఇష్యూలుగా వచ్చింది. అచ్చులో లేకుండా పోతే హక్కులు కథ రాసిన మూర్‌కీ బొమ్మలు గీసిన గిబ్బన్స్‌కీ తిరిగి వెళ్లాలని ఒప్పందం. పుస్తకంగా వేసిన దగ్గర్నుంచి అది అచ్చులో లేని రోజే లేదు, హక్కులూ తిరిగి వెళ్లలేదు. ఆ రోజుల్లో కామిక్స్ పుస్తకాలుగా ఏళ్ల తరబడి అచ్చులో ఉంటాయని ఎవరూ అనుకోలేదు మరి.

ఆగకూడనివి కూడా కొన్ని ఉన్నాయి, లైసెన్సుతో ముడిపడినవి. రోమ్ అని ఒక బొమ్మ ఉండేది, పిల్లలు ఆడుకునే ఎలక్ట్రానిక్ బొమ్మ. దాని మీద మార్వెల్ 1979 నుంచి 75 ఇష్యూలు నడిపింది. బొమ్మను జనం మర్చిపోయారు, కామిక్ మాత్రం 1986 దాకా నడిచింది. హక్కులు బొమ్మల కంపెనీవి కాబట్టి దశాబ్దాల పాటు రీప్రింట్ రాలేదు, 2024లో గానీ ఆమ్నిబస్ చేతికి రాలేదు. మాస్టర్ ఆఫ్ కుంగ్ ఫూ పరిస్థితీ అంతే, అందులో ఫూ మాంచూ అనే పాత్ర వేరేవాళ్లది కావడంతో 2016 దాకా ఆగింది. ఇలాంటివి దొరికినప్పుడే తీసుకోవాలి. ఒప్పందం ముగిస్తే మళ్లీ ఎప్పుడో చెప్పలేం.

మన దగ్గర ఖర్చు గురించి ఒక మాట. పుస్తకాల మీద జీఎస్టీ లేదు. దిగుమతి పుస్తకాల మీద 2019 బడ్జెట్‌లో 5 శాతం కస్టమ్స్ సుంకం వేశారు. అసలు భారం సుంకం కాదు, బరువు. అమెరికాలో ఉన్న బావమరిదికి "వచ్చేటప్పుడు ఒక్క పుస్తకం తెస్తావా" అని అడిగి, ఆమ్నిబస్ ఇంటికి పంపితే, ఆ సూట్‌కేసులో పచ్చళ్లకి చోటుండదు. నేను ఆ పాపం చేశాను.

ఇక కొత్తవి. ఇప్పుడు అందరూ మాట్లాడేది, బ్యాట్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ కంపెనీ వాళ్ల అబ్‌సల్యూట్ బ్యాట్‌మ్యాన్ గురించి. 2024 అక్టోబర్‌లో మొదలైంది, స్కాట్ స్నైడర్ కథ, నిక్ డ్రగోటా బొమ్మలు. ఇందులో బ్రూస్ వేన్ కోటీశ్వరుడు కాదు, ఇంజనీరు. తండ్రి స్కూల్ టీచరు, తల్లి బతికే ఉంది. మనిషి తలుపుకి సరిపోనంత భారీగా ఉంటాడు, ఛాతీ మీది గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలి. మొదటి ఇష్యూ రాగానే ఒకవైపు ఆకాశానికెత్తారు, ఇంకోవైపు "డబ్బులేని బ్యాట్‌మ్యాన్ ఏంటి" అని ఎగతాళి చేశారు. ఇద్దరూ చదివింది ఒక్క ఇష్యూనే! నేను మొదటి ఆరు ఇష్యూలూ వచ్చాక చదవడానికి కూర్చున్నాను. నాకు నచ్చింది, గొడ్డలి వల్ల కాదు. తల్లి బతికుండటంతో, అతను రాత్రి దెబ్బలు తిని వచ్చి పొద్దున్న ఎవరికో సంజాయిషీ చెప్పాల్సి వస్తుంది. పాత బ్యాట్‌మ్యాన్‌కి ఆ బెంగ లేదు. పోరాటాలు మాత్రం ఒక్కోచోట గందరగోళంగా గీశారు, ఎవరు ఎవర్ని కొట్టారో రెండుసార్లు చూస్తేగానీ తెలియదు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, మీరు పడకండి. డీసీలో "అబ్‌సల్యూట్ ఎడిషన్" అని ఎప్పట్నుంచో పెద్ద సైజు, పెట్టెలో పెట్టి అమ్మే ఖరీదైన రీప్రింట్ల వరస ఉంది. "అబ్‌సల్యూట్ బ్యాట్‌మ్యాన్" అనే కొత్త సిరీస్ వేరు. ఆన్‌లైన్‌లో పేరు వెతికితే రెండూ కలగలిసి వస్తాయి. మీకు కావలసింది మొదటి ఆరు ఇష్యూలు కలిపి 2025లో వేసిన ద జూ అనే వాల్యూమ్.

స్పైడర్‌మ్యాన్ వైపు 2024 జనవరిలో మొదలైన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ ఉంది, జొనాథన్ హిక్‌మన్ కథ, మార్కో కెకెట్టో బొమ్మలు. పెళ్లయి, ఇద్దరు పిల్లలున్న పీటర్ పార్కర్‌కి ఆ వయసులో శక్తులొస్తాయి. జనం దాని మీద అంతగా ఎందుకు ఎగబడ్డారో తెలియాలంటే 2007 దాకా వెనక్కి వెళ్లాలి. ఆ ఏడాది అసలు సిరీస్‌లో పీటర్, మేరీ జేన్‌ల పెళ్లిని మాయతో చెరిపేశారు. ఆ కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. కాబట్టి కొత్త సిరీస్‌కి పడిన మార్కుల్లో కొన్ని పాత కోపానివే. కథ బాగుంది, కాదనను. కానీ మీకు ఆ పాత లెక్కలు లేవు కదా, పోలిక లేకుండా చదవండి.

ఇష్యూలు నెలనెలా కొనాలా, ట్రేడ్ (వాటిని కలిపి వేసే పేపర్‌బ్యాక్) వచ్చేదాకా ఆగాలా అని అమెరికాలో పెద్ద తగువు. షాపులు ముందుగా పెట్టే ఆర్డర్ల లెక్క మీదే సిరీస్ బతుకు ఆధారపడుతుంది, అందరూ పుస్తకం కోసం ఆగితే అది పుస్తకం దాకా రాకుండానే ఆగిపోతుందని ఒక వాదన. న్యూజెర్సీలో ఉన్నప్పుడు నేనూ బుధవారం బుధవారం షాపుకి వెళ్లి ఇష్యూలు తెచ్చుకునేవాణ్ణి. హైదరాబాద్‌లో కూర్చుని ఆ భారం మీ నెత్తిన వేసుకోకండి. ఇక్కడికి వచ్చేసరికి ఇష్యూ ధర పెరుగుతుంది, మూలలు నలుగుతాయి, మధ్యలో మూడోది రాదు. పైగా ఇప్పుడు కథలు పుస్తకం కోసమే అయిదారు ఇష్యూల కొలతలో రాస్తున్నారు. ఒక్క ఇష్యూ చదివితే భోజనానికి కూర్చోబెట్టి ఉప్పు మాత్రం వడ్డించినట్టుంటుంది. ఒకే ఇష్యూని పది వేర్వేరు అట్టలతో, అంటే వేరియంట్ కవర్లతో, కొనేవాళ్ల జోలికి అసలు పోవద్దు, వాళ్ల లోకం వేరు.

మీ 15,000కి నా లెక్క ఇది. ముందు సగమే ఖర్చు పెట్టండి. ఎపిక్ కలెక్షన్‌లో గ్రేట్ పవర్ ఒకటి. డీసీ కాంపాక్ట్ వరసలో ద కోర్ట్ ఆఫ్ ఔల్స్ సాగా ఒకటి. ఈ కాంపాక్ట్‌లు 2024లో మొదలయ్యాయి, అమెరికాలో పది డాలర్ల లోపు ధర, మామూలు నవల సైజు. స్నైడర్ రాసిన పాత బ్యాట్‌మ్యాన్ అది, నచ్చితే అబ్‌సల్యూట్ బ్యాట్‌మ్యాన్‌కి వెళ్లొచ్చు. కాంపాక్ట్ మీద అభిమానుల ఫిర్యాదు అక్షరాలు చిన్నవని. నిజమే, కళ్లజోడు లేకుండా నాకు వాచ్‌మెన్ కాంపాక్ట్ సాగలేదు. మీ వయసుకి ఇబ్బంది లేదు. మూడోది, మార్వెల్ ప్రీమియర్ కలెక్షన్‌లో డేర్‌డెవిల్: బోర్న్ అగైన్. మీరు అడగని హీరో, కానీ 15 డాలర్ల పుస్తకం, ఇయర్ వన్ చేసిన ఆ మిల్లర్, మజుకెల్లీలే అంతకు ఏడాది ముందు చేశారు. చదివాక నన్ను తిట్టుకోరు.

ఒకవేళ మీ ఊరు కోస్తాలో ఉండి అక్కడ దాచుకుంటారేమో, కాకినాడ అనుభవంతో చెబుతున్నాను. ప్లాస్టిక్ కవర్లో బిగించి మూట కట్టకండి, ఉక్కకి లోపలే బూజు పడుతుంది. గోడకి ఆనకుండా, అద్దాల బీరువాలో, కొన్ని సిలికా జెల్ పొట్లాలతో నిలబెట్టండి. మా అమ్మ వసకొమ్ములు వేస్తుంది, అవి వేసినప్పట్నుంచి వెండి పురుగులు కూడా తగ్గాయి.

మిగతా సగం డబ్బు ఆరు నెలలు ఆపండి. అప్పటికీ స్పైడర్‌మ్యాన్ మీద మోజు తగ్గకపోతే ఎపిక్ రెండో వాల్యూమ్ తీసుకుని 33వ ఇష్యూకి వెళ్లండి. నీళ్లు కారుతున్న చోట, టన్నుల బరువున్న యంత్రం కింద స్పైడర్‌మ్యాన్ ఇరుక్కుపోతాడు. చేతికందే దూరంలో తనని పెంచిన మే ఆంటీని బతికించే మందు ఉంటుంది. డిట్కో పేజీ పేజీకి గడుల సైజు పెంచుకుంటూ పోయి, ఆ బరువు లేచే క్షణానికి మొత్తం పేజీ ఇచ్చేశాడు. ఫోన్లో చూస్తే అది ఇంకో గడి, అంతే. కాగితం మీద చూడండి. అది చూశాక కూడా ఆమ్నిబస్ కావాలనిపిస్తే, మీ ఇంట్లో అటక మీద వ్యాసపీఠం ఉందేమో అమ్మగారిని ఒకసారి అడగండి.